కొట్టం బుక్కు

ఏడో నంబరు గేదె తన దూడను తన్నింది ఒక మంగళవారం, పొద్దున అయిదూ నలభైకి. ఆ సంగతి కొట్టం బుక్కులో ఉంది. ఫెయిర్ బుక్కులో లేదు.

రెండూ రాసిన చెయ్యి ఒకటే. సలోమి గేదెల పరిశోధన కేంద్రంలో ఇరవై రెండేళ్ళుగా ల్యాబ్ టెక్నీషియన్. పాలు పిండే వేళకు కొట్టంలో నిలబడి, చూసింది చూసినట్టు ఒక పుస్తకంలో గీకేది. దాని అట్ట మీద పేడ మరకలు, పేజీల మధ్య దాణా పొట్టు. మధ్యాహ్నం ల్యాబ్‌లో కూర్చుని అందులోంచి కావలసిన అంకెలు ఏరి, గళ్ళు కొట్టిన రిజిస్టరులోకి ఎక్కించేది. మొదటిది కొట్టం బుక్కు, రెండోది ఫెయిర్ బుక్కు. సలోమి దస్తూరీకి కేంద్రంలో పేరుంది. డైరెక్టర్ డాక్టర్ శశిభూషణరావు ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళకు ఆ రిజిస్టర్లు చూపించి, "అచ్చేసినట్టు లేదూ?" అని అడిగేవాడు.

ఆ మంగళవారానికి పరీక్ష మొదలై యాభై ఎనిమిది రోజులు. పద్నాలుగు గేదెలు, ఒక్కోదానికి చెవి వెనక ఒక బిళ్ళ. పది రూపాయల నాణెం అంత ఉంటుంది.

దూడ పొదుగు కుమ్మితే చన్నుల నుంచి నరాల గుండా మెదడుకు కబురు పోతుంది. మెదడు అడుగునున్న గ్రంథి ఆక్సిటోసిన్‌ను రక్తంలోకి వదులుతుంది. అది పొదుగు చేరి, పాలతిత్తుల చుట్టూ ఉన్న కండరాన్ని పిడికిలి బిగించినట్టు బిగిస్తుంది. అప్పుడు గాని పాలు చన్నుల్లోకి దిగవు. దాన్నే పాడి ఇళ్ళలో చేపడం అంటారు. గేదె బెదిరితే చేపదు. కొత్త చెయ్యి పడితే చేపదు. దూడ చస్తే చేపదు. అందుకే వెనకటివాళ్ళు చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టి పాలు పిండేవాళ్ళు.

డాక్టర్ శశిభూషణరావు బిళ్ళ ఉంటే గడ్డిదూడ అక్కర్లేదు, దూడా అక్కర్లేదు. మీట నొక్కితే బిళ్ళ ముందు మూడుసార్లు జుయ్యిమంటుంది. పిండే మనిషి తపేలా పట్టుకుని తయారుగా ఉండడానికి పెట్టిన చప్పుడది. ఆ తర్వాత దూడ పంపాల్సిన కబురును అదే పంపుతుంది. నిమిషంలో పాలు దిగుతాయి. పక్కన డప్పు కొట్టినా దిగుతాయి. డప్పు కొట్టించి మరీ చూశారు.

ఆ పొద్దున పాలు పిండే ఏడుకొండలు ఏడో నంబరు దూడ తలుగు విప్పాడు. దూడ పరుగున పోయి పొదుగు కుమ్మింది. గేదె వెనక్కి చూసింది. కాలెత్తి తన్నింది. దూడ పోయి మురుగుకాలవలో పడింది.

"ఓసి నీ దుంపతెగ! కన్నబిడ్డనా తన్నేది?" అని ఏడుకొండలు దూడను లేపి, తుడిచి, మళ్ళీ వదిలాడు. గేదె మళ్ళీ తన్నింది. అతను మీట నొక్కాడు. బిళ్ళ మూడుసార్లు జుయ్యిమంది. గేదె కళ్ళు అరమోడ్చి నెమరు వేసుకుంటూ నిలబడింది. తపేలాలో ఆరు లీటర్లు పడ్డాయి.

సలోమి రాసింది: "నం. 7. దూడను తన్నింది. రెండోసారి కూడా. దూడకు చేపలేదు. బిళ్ళకు చేపింది."

తొంభై రోజులు నిండేసరికి పద్నాలుగింటిలో పదకొండు గేదెలు దూడల్ని తన్నాయి. అయిదు దూడలు చచ్చాయి.

ఫెయిర్ బుక్కులో తన్నడానికి గడి లేదు. "దూడ అవసరం" అని ఒక గడి ఉంది. కింద ఉంది, లేదు అని రెండే జవాబులు. సలోమి రిజిస్టరు పట్టుకుని డైరెక్టర్ గదికి వెళ్ళింది.

"తన్నిందని ఎక్కడ రాయమంటారు సార్?"

"పాలు దిగడానికి దూడ కావలసొచ్చిందా?"

"లేదు సార్."

"లేదని రాయి. అడిగినదానికి జవాబు రాయి సలోమీ. దాని మొగుడి మీద అలిగిందో, దూడ మీద అలిగిందో మనకెందుకు? ఫెయిర్ చేసి పెట్టు."

ఆమె ఫెయిర్ చేసింది. లేదు, లేదు, లేదు. పదకొండుసార్లు, ఎక్కడా కొట్టివేత లేకుండా. చచ్చిన దూడలు "పారుడు రోగం" అన్న గడిలోకి వెళ్ళాయి. డాక్టర్ శశిభూషణరావు పేపరులో ఒక వాక్యం వచ్చింది: "పద్నాలుగింట పదకొండు పశువులలో దూడ అవసరం పూర్తిగా తొలగింది." దానికి బహుమతి వచ్చింది. బహుమతి ఫొటోలో చివర నిలబడింది సలోమి. ఏడాది తిరక్కుండా ఒక కంపెనీ బిళ్ళ హక్కులు కొన్నది. దేనికి కొన్నదో సలోమి అడగలేదు.

*

మూడేళ్ళ తర్వాత ఒక ఆదివారం, చర్చి అయ్యాక, కెజియా బిడ్డను భుజాన వేసుకుని సలోమి ఇంటికి వచ్చింది. కెజియా సలోమి చెల్లెలి కూతురు. తల్లి పోతే పదో ఏటి నుంచి సలోమే పెంచింది. హైవే పక్కన బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పని చేస్తుంది. మొగుడు బోర్ల లారీ మీద ఒడిశాలో ఉన్నాడు.

బిడ్డ పేరు హన్నా. సలోమి ఎత్తుకోగానే బరువు తెలిసింది. "కార్డేదీ?" అని అడిగింది.

అంగన్‌వాడీ కార్డులో రెండు నెలలప్పుడు నాలుగు కిలోల ఏడు వందలు. ఇప్పుడు నాలుగున్నర నెలలు. నాలుగు కిలోల ఆరు వందలు.

"తగ్గిందేందే?"

"డబ్బా పాలు పడితే వాంతులు, విరేచనాలు. నా దగ్గర లేవు పెద్దమ్మా. ఎండిపోయినాయి."

"పట్టు చూద్దాం."

కెజియా గోడకు చేరగిలి బిడ్డను రొమ్ముకు ఆనించింది. హన్నా అయిదారుసార్లు గుంజింది. వదిలేసింది. మళ్ళీ గుంజింది. వెన్ను విల్లులా వంచి ఏడుపు లంకించుకుంది. ఏడ్చి ఏడ్చి ముఖం నల్లబడింది. పక్కింటావిడ ప్రహరీ మీద నుంచి తొంగి చూసి, "ఏమైందమ్మా బిడ్డకి?" అంది.

"మరి ఫ్యాక్టరీకి పోయినప్పుడు ఏం తాగుద్ది?"

"నా పాలే. అక్కడ వస్తాయి. నాలుగు నిమిషాలకి సీసా నిండుద్ది. ఇంటికొస్తే చుక్కుండదు. ఇల్లంటే భయమేమో నాకు," అని కెజియా నవ్వబోయింది.

"నాలుగు నిమిషాలకా? ఎట్టా?"

"బిళ్ళ ఇస్తారుగా. పిల్లల తల్లులకి. వెనకటికి రెండుసార్లు పిల్లల గదికి పోనిచ్చేవాళ్ళంట, అరగంట అరగంట. ఇప్పుడు లైను పక్కనే కర్టెను కట్టారు. బిళ్ళ పెట్టుకో, సీసా నింపు, మిషనెక్కు. సీసా వాళ్ళే పిల్లల గదికి పంపుతారు. పోయేటప్పుడు గేటు దగ్గర బిళ్ళ ఇచ్చేసి రావాల."

సలోమి లేచి కెజియా జడ పక్కకు తప్పించింది. ఎడమ చెవి వెనక, పది రూపాయల నాణెం అంత మేర చర్మం పాలిపోయి ఉంది.

అప్పుడే మంచం మీద కెజియా ఫోను కొట్టుకుంది. రింగు తీసేసి వైబ్రేషన్‌లో పెట్టింది. జుయ్యి, జుయ్యి, జుయ్యి. హన్నా ఏడుస్తూనే ఉంది. కెజియా చుడీదారు మీద రెండు వైపులా తడి పుట్టి, సలోమి చూస్తుండగానే అరచేతి అంత అయింది.

"ఇదొకటి," అంటూ కెజియా తువాలు అడ్డం పెట్టుకుంది. "ఫోను మోగితే చాలు. పిల్ల ఏడిస్తే మటుకు రావు."

సలోమి చెప్పడం మొదలు పెట్టింది. ఏడో నంబరు గురించి, మిగతా పదింటి గురించి, మురుగుకాలవ గురించి. అంతా అయ్యాక కెజియా అడిగింది:

"నీకు తెలుసా?"

"గేదెల సంగతి..."

"నీకు తెలుసా పెద్దమ్మా?"

"తెలుసు."

"రాశావా?"

"రాశాను. కొట్టం బుక్కులో."

"అదెవురు చదివారు?"

కెజియా లేచి బిడ్డను భుజాన వేసుకుంది. "పద్నాలుగు గొడ్లు అయిపోయినాయి. పదిహేనో నంబరు నేనా? రాసుకో. మంచి దస్తూరీతో రాసుకో," అని చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా గేటు దాటింది.

*

సోమవారం పొద్దున సలోమి డైరెక్టర్ గదిలో కూర్చోలేదు. నిలబడే మాట్లాడింది. డాక్టర్ శశిభూషణరావు అంతా విన్నాడు. బీరువా నుంచి ఫెయిర్ బుక్కు తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇది ఎవరి దస్తూరీ?"

"నాదే సార్."

"దూడ అవసరం లేదు అని రాసిందెవరు?"

"నేనే. తన్నాయని మీకు చెప్పాను."

"చెప్పావు. రాశావా?"

"రాశాను సార్. మీరు తీసెయ్యమన్నారు."

"ఫెయిర్ చెయ్యమన్నాను." ఆయన పుస్తకం మూశాడు. "పాడి రైతుకి దూడ తాగే పాలు నష్టం. దూడ లేకుండా చేపితే లాభం. పేపరులో ఉన్నది అదే. అందులో అబద్ధం ఎక్కడుందో చూపించు."

"ఆడవాళ్ళకి పెట్టారు సార్ దాన్ని."

"ఆ పరీక్షలు కంపెనీ విడిగా చేసింది. ముప్పై మంది, రెండు వారాలు. ఏ ఇబ్బందీ రాలేదు."

"మన గేదె తన్నింది యాభై ఎనిమిదో రోజున. రెండు వారాలప్పుడు అన్ని గేదెలూ దూడల్ని నాకుతానే ఉన్నాయి."

ఆయన పుస్తకాన్ని బీరువాలో పెట్టేశాడు. తర్వాత, "గురువారం ఆ ఫ్యాక్టరీకి నన్నే రమ్మన్నారు," అన్నాడు. "పాలు రావట్లేదని నలుగురైదుగురు తల్లులు గొడవ చేస్తున్నారట. భయం, కోపం, ఆందోళన ఉంటే పాలు దిగవు. అది శాస్త్రం. కాదంటావా?"

"కాదనను సార్."

"మరింకేం. మీ అమ్మాయిని నిమ్మళంగా ఉండమను."

సలోమికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట ఆయన మీద ఎంతో, ఆ రిజిస్టరులోని గుండ్రటి అక్షరాల మీదా అంతే. బయటికి వచ్చి నేరుగా కొట్టానికి వెళ్ళింది.

"బాబాయ్, పాత కొట్టం బుక్కు ఎక్కడుంది? బిళ్ళల నాటిది?"

ఏడుకొండలు దాణా గదిలోకి తీసుకుపోయి, తూకం బల్ల ఒక కాలెత్తి, దాని కింద నుంచి పుస్తకం లాగాడు. "బల్ల ఊగుతందని పెట్టాను. పారేస్తామా, నీ చేతి రాత."

ఆమె అక్కడే గోతాం మీద కూర్చుని పేజీలు తిప్పింది. పదకొండు చోట్లా ఉంది. దూడను తన్నింది. దూడను తన్నింది. ఎలుక కొరికిన మూల కూడా చదవడానికి వస్తోంది.

"ఆ ఏడో నంబరు ఏమైంది బాబాయ్? అమ్మేశారా?"

"అమ్మేదేంది? అదిగో, మూడో కట్టుకొయ్య. రెండీతలు ఈనింది మళ్ళా. దూడని నాకి నాకి చంపుద్ది."

సలోమి పుస్తకం మూసింది. "దూడకి చేపుతుందా?"

"చేపదా? నేను మళ్ళిచ్చాగా." అతను గోడ వైపు చూపించాడు. సున్నం మీద బొగ్గుతో గీతలు, అయిదేసి చొప్పున కట్టలు. "నలభై ఒక్క రోజు పట్టింది. మీ పరీక్షయినాక ఒక బిళ్ళ చచ్చిపోయింది. కబురు పంపదు, చప్పుడొక్కటే వస్తంది. గేదె దానిక్కూడా చేపేది. నాలుగు చుక్కలు. ఆ చప్పుడు చేయడం, చేపీ చేపంగానే దూడని వదలడం. దూడ ఒంటికి ఉప్పు రాసేవాణ్ణి, నాకాలని. కొన్నాళ్ళకి ముందు దూడ, వెనక చప్పుడు. ఇంకొన్నాళ్ళకి చప్పుడు మానేశా. నలభై ఒకటో నాడు ఉత్త దూడకే చేపింది."

"ఈ సంగతి ఎవరికీ చెప్పలేదే?"

"నన్నెవరడిగారమ్మా?"

*

గురువారం సమావేశం పిల్లల గది పక్క హాలులో. బిడ్డలను చూసుకునే ఇంటి పెద్దలు కూడా రావచ్చని గేటు దగ్గర కాగితం అంటించారు. సలోమి సంచిలో పుస్తకం పెట్టుకుని వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. పంతొమ్మిది మంది తల్లులు. కెజియా ఆమె వైపు చూడలేదు. రేకు గోడకు అవతల పిల్లలు ఏడుస్తున్నారు. సమావేశం వల్ల సీసాల వేళ దాటిపోయింది.

మేనేజరు హరిత డాక్టర్ శశిభూషణరావును పరిచయం చేసింది. ఆమె ముందు స్టీలు పళ్ళెంలో చూపించడానికని ఒక బిళ్ళ ఉంది. ఆయన తల్లిపాల గొప్పతనం గురించి మాట్లాడాడు. ఆందోళన గురించి మాట్లాడాడు. "మనసు ప్రశాంతంగా ఉంటే పాలు వాటంతటవే వస్తాయి. ఇంట్లో సమస్యలుంటే బిళ్ళ ఏం చేస్తుంది చెప్పండి? లోపం దానిలో లేదు."

సలోమి లేచింది. "లోపం ఉంది సార్."

"అమ్మా, మీరెవరు?" అంది హరిత.

"కెజియా పెద్దమ్మని. ఆ సారు దగ్గర పాతికేళ్ళ నుంచి పని చేస్తన్నాను. ఈ పూట దాకా."

ఆమె పుస్తకం తెరిచి చదివింది. గొంతు పెంచలేదు. ఒక్కో తేదీ, ఒక్కో నంబరు. "ఏడో నంబరు. దూడను తన్నింది. దూడకు చేపలేదు. బిళ్ళకు చేపింది. రెండో నంబరు. దూడను తన్నింది. దూడకు చేపలేదు. బిళ్ళకు చేపింది. పదకొండో నంబరు..." పదకొండూ చదివింది. చచ్చిన దూడలు అయిదని కూడా చదివింది.

"సలోమీ, అవి గేదెలు," అన్నాడు డాక్టర్ శశిభూషణరావు. "వీళ్ళు మనుషులు. వీళ్ళని గేదెలతో పోల్చడం ఏం మర్యాద?"

ముందు వరసలో ఒకామె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "గొడ్ల బిళ్ళ మా చెవికి పెట్టేటప్పుడు మర్యాద గుర్తు రాలేదా సార్? పెట్టేది పెట్టారు, ఇంత చిట్టు, తవుడు కూడా పెట్టండి."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. హరిత చేతులెత్తి, "ప్లీజ్, ప్లీజ్," అంది. "మన సమస్య నలుగురిదే. మిగతా పదిహేను మందికి ఏ ఇబ్బందీ లేదు. ఉంటే చెప్పేవాళ్ళుగా?"

ఎవరూ చెప్పలేదు. కొందరు తలలు దించుకున్నారు. పాలు లేని తల్లినని పది మందిలో చెప్పుకోవడం ఎవరికీ చేతకాలేదు.

కెజియా లేచి ముందుకు నడిచింది. హరిత అడ్డుకునే లోపే పళ్ళెంలోని బిళ్ళ చేతిలోకి తీసుకుంది. చెవికి పెట్టుకోలేదు. పళ్ళెం బోర్లించి, దాని మీద బిళ్ళ ఆనించి, మీట నొక్కింది.

పళ్ళెం మూడుసార్లు మోగింది.

గదిలో మొదట ఏమీ జరగలేదు. తర్వాత ఒకామె చటుక్కున చేతులు కట్టుకుంది. పక్కనామె చున్నీ దగ్గరకు లాక్కుంది. మూడో వరసలో ఒక పిల్ల, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, తన చుడీదారు వైపు చూసుకుని ఏడవసాగింది. ఒకరి తర్వాత ఒకరుగా అందరి చేతులూ గుండెల మీదికి వచ్చాయి. చున్నీ లేనివాళ్ళు ముందుకు వంగి కూర్చున్నారు. ఒకరినొకరు చూసుకున్నారు. ఇంతకాలం తన ఒక్కదానికే అనుకున్నది పక్కదానికీ ఉందని అప్పుడు తెలిసింది.

"పిల్లలు అరగంట నుంచి ఏడుస్తున్నారు డాక్టర్ గారూ," అంది కెజియా. ఆమె చుడీదారు కూడా తడిసి ఉంది. దాన్ని ఆమె కప్పుకోలేదు. "మీరు కూడా వింటున్నారు. మేం కన్నపిల్లలు. ఇందాకట్నుంచి ఒక్కదాని గుడ్డ తడవలేదు. పళ్ళెం మోగితే తడిసింది. ఆందోళనా ఇది? చెప్పండి. మా ఇంట్లో సమస్యలా?"

డాక్టర్ శశిభూషణరావు తన ముందున్న నీళ్ళ గ్లాసు వైపు చూశాడు.

"ముప్పై మంది మీద చూశామన్నారు," అంది సలోమి. "వాళ్ళ పాలు కొలిచారు. వాళ్ళ పిల్లల్ని ఎవరైనా తూచారా సార్?"

పంతొమ్మిది మందీ లేచి రేకు తలుపు తోసుకుని పిల్లల గదిలోకి పోయారు. ఆ మధ్యాహ్నం మూడు లైన్లు నడవలేదు. సాయంత్రం గేటు దగ్గర బిళ్ళలు పుచ్చుకునే కాపలావాడి బుట్ట ఖాళీగా ఉంది. అన్నీ పిల్లల గదిలో, నేలన, మడమలతో నలిపినట్టు పడి ఉన్నాయి.

*

సలోమిని మర్నాడు సస్పెండ్ చేశారు. కెజియా పనిలోంచి పేరు తీసేశారు. ఆమె బిడ్డతో సహా సలోమి ఇంటికి వచ్చింది. క్షమించానని అనలేదు. సంచి మూల పెట్టి, "ఆ ముసలాయన చేసిందేదో చెప్పు," అంది.

ఏడుకొండలు వచ్చాడు. ఆడకూతురితో ఆ సంగతులు నేరుగా చెప్పడానికి సిగ్గుపడి, గేటు బయట నిలబడి, రోడ్డు వైపు తిరిగి సలోమికి చెప్పాడు. సలోమి లోపలికి వచ్చి కెజియాకు చెప్పింది. వెళ్తూ వెళ్తూ అతను చచ్చిన బిళ్ళను ప్రహరీ మీద పెట్టి పోయాడు.

బిళ్ళను ముట్టుకోనంది కెజియా. ఫోను చాలంది. సలోమి తన ఫోను నుంచి చెయ్యడం, అది కొట్టుకోగానే కెజియా హన్నాను రొమ్ముకు ఆనించడం, రోజుకు ఎనిమిదిసార్లు. మిగతా వేళల్లో వీధి చివర చంటిబిడ్డ తల్లి ఒకామె రెండు పూటలా వచ్చి హన్నాకు తన పాలిచ్చి పోయేది. ఆమె ఇస్తున్నంతసేపూ కెజియా పెరట్లో నిలబడేది.

"రాయి," అంది కెజియా మొదటి రోజే. "పదిహేనో నంబరని రాయి."

సలోమి కొట్టం బుక్కులో పద్నాలుగో నంబరు తర్వాతి పేజీ తెరిచి, "కెజియా, హన్నా" అని రాసింది. గడులు చేత్తో గీసింది. మొదటి గడి బిడ్డది.

ఇరవై మూడో రోజున హన్నా నాలుగైదు గుక్కలు మింగింది. ఆ శబ్దం సలోమి చెవులారా విన్నది. ఆ మధ్యాహ్నమే మళ్ళీ ఫోను కొట్టుకుంది. కెజియా బిడ్డను ఆనించుకుని, ఫోను చెవిన పెట్టుకుంది. ఫ్యాక్టరీ నుంచి. జరిగినదంతా తన పొరపాటని సంతకం పెడితే పనిలోకి తీసుకుంటారట. వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ పాలు వస్తూనే ఉన్నాయి. కెజియా కిందికి చూసుకుంది.

"వీళ్ళు పిలిస్తే వస్తన్నాయి పెద్దమ్మా," అంది. "నా పాలు వీళ్ళు పిలిస్తే వస్తన్నాయి!"

ఫోను గోడకేసి కొట్టింది. అది మూడు ముక్కలైంది. ఆ రోజు, మర్నాడు, ఆ పై రెండు రోజులు చుక్క రాలేదు. సలోమి అదీ రాసింది. అయిదో రోజు పొద్దున కెజియా వెళ్ళి ప్రహరీ మీద నుంచి చచ్చిన బిళ్ళ తెచ్చుకుంది.

నలభై ఒకటో రోజు వచ్చింది, పోయింది. గేదెకు సరిపోయిన లెక్క మనిషికి సరిపోలేదు.

*

ఫ్యాక్టరీ గొడవ మీద ప్రభుత్వం వేసిన కమిటీ నుంచి విచారణాధికారి వచ్చింది వర్షం పడ్డ ఒక శుక్రవారం. ఆయన మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయట విప్పి, కుర్చీలో కూర్చుని, టీ తాగాడు. పంతొమ్మిది మందిలో నలుగురికి పాలు మళ్ళాయని, తొమ్మిది మంది ఆశ వదులుకున్నారని, ఒక బిడ్డ గుంటూరు ఆసుపత్రిలో పోయిందని చెప్పాడు. డాక్టర్ శశిభూషణరావు ఫెయిర్ బుక్కు దాఖలు చేశారట. అందులో ఆక్షేపించదగ్గది కనపడలేదట.

"మీ దగ్గర ఇంకో పుస్తకం ఉందన్నారు."

సలోమి ఇచ్చింది. ఆయన రెండు వేళ్ళతో అట్ట తెరిచాడు. పేడ మరకలు, ఎలుక కొరికిన మూలలు, దాణా పొట్టు. పొట్టు ఆయన ఒళ్ళో రాలింది. పేజీలు తిప్పుకుంటూ చివరికి వచ్చాడు. కడపటి పేజీ పైకి చదివాడు:

"యాభై మూడో రోజు. ఉదయం ఆరూ పది. బిళ్ళ మోగించలేదు. హన్నా ఏడ్చింది. ఎడమ వైపు వచ్చాయి. కుడి వైపు రాలేదు." తలెత్తాడు. "ఇది ఎప్పటిదమ్మా?"

"ఇయ్యాలటిదే."

లోపలి గదిలో కెజియా బిడ్డకు పాలిస్తోంది. తలుపు ఓరగా వేసి ఉంది. మింగుతున్న శబ్దం వినిపిస్తోంది. అధికారి చూపు తిప్పుకున్నాడు. పుస్తకం బల్ల మీద పెట్టి వేళ్ళు రుమాలుతో తుడుచుకున్నాడు.

"విషయం బలంగానే ఉంది. కానీ దీన్ని ఇలా కమిటీ ముందు పెట్టలేనండి. ఎవరూ ముట్టుకోరు. మీ దస్తూరీ బాగుందని విన్నాను. కావలసినంత వరకు ఏరి, శుభ్రంగా ఫెయిర్ చేసి ఇవ్వండి. సోమవారం మనిషిని పంపుతాను."

"చెయ్యను సార్."

"అదేమిటమ్మా? మీ మంచికే..."

"ఫెయిర్ ఒకసారి చేశాను. ఇంక చెయ్యను. మీరు తీసుకుపోయేది ఇదే." సలోమి పుస్తకాన్ని ఆయన వైపు జరిపింది. "పేజీలకి నంబర్లు వేశాను. మొత్తం నూట పన్నెండు. ముట్టినట్టు రసీదు రాసివ్వండి."

లోపల హన్నా కుడి వైపుకు మార్చగానే ఏడుపు మొదలుపెట్టింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, కాగితం మీద రాయసాగాడు. పాత నోటు పుస్తకం ఒకటి, నూట పన్నెండు పేజీలు.

సలోమి వంగి చదివింది.

"పేడ మరకలతో సహా," అంది. "అది కూడా రాయండి."